గాలి తోడేస్తే... కణం పరుగు!

పార్టికల్ యాక్సిలరేటర్ అనగానే జెనీవా దగ్గరి 27 కిలోమీటర్ల సొరంగం గుర్తొస్తుంది. తొలి యాక్సిలరేటర్లలో కొన్ని మాత్రం విద్యార్థుల చేతుల్లో, బల్లమీదే పుట్టాయి. నెల్లూరు తీరంలోని ఇంజినీరింగ్ కుర్రాళ్లు అలాంటిదొకటి తలపెడితే?

సూళ్లూరుపేట మీదుగా పులికాట్ దాటి శ్రీహరికోట వెళ్లేవాళ్లు రాకెట్ల కోసమే చూస్తారు. అక్కడ యాక్సిలరేటర్ కూడా ఉందని చాలామందికి తెలియదు. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశ వ్యాసం 2.8 మీటర్లు. అందులో పోతపోసిన ఘన ఇంధనంలో పగులో, బుడగో ఉంటే మామూలు ఎక్స్‌రేకి అందదు. అందుకే లీనియర్ యాక్సిలరేటర్‌లో ఎలక్ట్రాన్లను ఉరికించి, లోహానికి గుద్దించి, బలమైన ఎక్స్‌రేలు పుట్టిస్తారు. క్యాన్సర్ ఆసుపత్రుల్లోని ‘లినాక్’ పనిచేసేదీ ఇలాగే.

అరచేతిలో సైక్లోట్రాన్

1927లో నార్వే విద్యార్థి రోల్ఫ్ విడెరో జర్మనీలో పీహెచ్‌డీ కోసం గాజు గొట్టంలో అయాన్లను ఉరికించాడు. 25 వేల వోల్టులనే రెండుసార్లు వాడి 50 వేల వోల్టుల ఫలితం రాబట్టాడు. ఆ పేపరు చూసిన అమెరికా ప్రొఫెసర్ ఎర్నెస్ట్ లారెన్స్‌కు కణాల దారిని గుండ్రంగా వంచాలన్న ఆలోచన వచ్చింది. 1931 జనవరిలో ఆయన విద్యార్థి స్టాన్లీ లివింగ్‌స్టన్ నాలుగున్నర అంగుళాల పరికరంలో దాన్ని చేసి చూపాడు; అదే సైక్లోట్రాన్. అయస్కాంతం దారి వంచుతుంది, అర చుట్టుకోసారి వోల్టేజీ ముందుకు తోస్తుంది. రెండు వేల వోల్టులైనా ఇవ్వకుండానే అయాన్ల శక్తి 80 వేల ఎలక్ట్రాన్ వోల్టులకు చేరింది. లారెన్స్‌కు 1939లో నోబెల్ వచ్చింది.

స్వామీజీ శాస్త్రం

దారిలో గాలి అణువు తగిలితే కణం పరుగు అక్కడితో సరి. కాబట్టి యాక్సిలరేటర్ కట్టేవాడు ముందు నేర్వాల్సింది వ్యాక్యూమ్ విద్య. దానిపై 1947లో ‘హై వ్యాక్యువా’ గ్రంథం వెలువరించింది మన తెలుగు సన్యాసే. భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద హిమాలయాల్లో యోగసాధన చేశారు, ప్రాగ్‌లో డాక్టరేట్ అందుకున్నారు, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర పనిచేశారు. ఆఖరికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక పరిశోధనకు పునాది వేశారు.

ఉప్పుగాలితో పేచీ

ఏసీ మెకానిక్కులు వాడే రోటరీ పంపుతో అభ్యాసం మొదలుపెట్టొచ్చు. ఆపైన గాలిని ఇంకా తోడెయ్యాలంటే డిఫ్యూజన్ పంపు కావాలి. కరెంటును ఆపడానికి అభ్రకం ఉంది, దానికి గూడూరు ప్రాంతం ఎప్పటినుంచో పేరు. చిక్కల్లా సముద్రపు గాలితోనే. తేమకు, హై వోల్టేజీ పుట్టించే వాన్ డి గ్రాఫ్ యంత్రంలో చార్జి నిలవదు, ఇన్సులేటర్లపై ఉప్పు పేరుకుంటే కరెంటు పైపైనే పాకిపోతుంది. గది పొడిగా ఉంచుకోక తప్పదు.

ప్రమాదం మాత్రం చిన్నది కాదు. స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉండొచ్చు. వేగంగా వచ్చే ఎలక్ట్రాన్లు లోహాన్ని తాకితే ఎక్స్‌రేలు పుడతాయి. అధ్యాపకుల పర్యవేక్షణ, అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు పాటించకుండా హై వోల్టేజీ జోలికి పోకూడదు.

అందుకే మొదటి ఏడాది వ్యాక్యూమ్‌తో సరిపెట్టుకున్నా నష్టం లేదు. లీకు ఎక్కడుందో పట్టగలిగిన కుర్రాడు శ్రీహరికోటలోని షార్‌లోనైనా, ఆసుపత్రిలోనైనా పనికొస్తాడు. అమీర్‌పేటలో కొనుక్కొచ్చిన ఫైనలియర్ ప్రాజెక్టుతో ఆ విద్య రాదు. కాలేజీలు ముందుగా ఒక పంపు, ఒక ప్రెషర్ గేజీ కొని వర్క్‌షాపులో పెట్టాలి.