ఆపరేషన్ చేసిన ఆ కుర్ర డాక్టరు ఎవరు?

మా ఓపీలో ఒక మధ్యాహ్నం. పెందుర్తికి ఆవలి పల్లె నుంచి ఒక కుటుంబం ఆటోలో వచ్చింది. పెద్దావిడ పెరట్లో కాలు జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, విరిగిన ఎముక బంతి తీసేసి లోహపు బంతి అమర్చారు. రెండు వారాలు దాటింది. కుట్లు విప్పించడానికి అంత దూరం మళ్లీ ఎందుకని మా దగ్గరకు తీసుకొచ్చారు. గాయం చక్కగా ఆరింది, చీము లేదు, వాపు లేదు. కుట్లు విప్పుతుండగా కూతురు డిశ్చార్జి కాగితం మా ముందు పెట్టి ఒక పేరు మీద వేలు ఆనించింది. పెద్ద డాక్టరు గారి పేరు కింద ఇంకో పేరు, దాని పక్కన 'ఫెలో' అని ఉన్నాయి.

"ఈ బాబెవరు సిస్టరమ్మా? పెద్ద డాక్టరు బాబు సేత్తాడనే కదా అక్కడికి ఎల్లాం. ఈ కుర్ర బాబు సేసినాడంట. మా అమ్మ కాలు మీద నేర్సుకున్నాడేటి?"

మంచం మీది పెద్దావిడ మాత్రం, "పోన్లేవే, ఆ బాబే రోజూ రెండు పూటలా వొచ్చి సూసీవోడు" అన్నారు.

కూతురి ప్రశ్నకు ఆ రోజు మేము చెప్పిన జవాబు అంత బాగా లేదు. రద్దీలో రెండు ముక్కలు చెప్పి పంపించాం. తరువాత మాలో మేము మాట్లాడుకుంటే, ఇదే ప్రశ్న వేర్వేరు మాటల్లో చాలామంది అడిగారని గుర్తుకొచ్చింది. కేజీహెచ్‌లో ఉండి వచ్చినవారు అడిగారు. కాట్పాడి రైలెక్కి వేలూరు వెళ్లి వచ్చినవారూ అడిగారు. అందుకని ఈసారి తీరిగ్గా చెప్పుకుందాం.

ముందు ఆ మాట సంగతి. మన వాడుకలో 'ఆ ఫెలో' అంటే కాస్త చులకనగా ధ్వనిస్తుంది. ఆసుపత్రిలో దాని అర్థం వేరు. ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు పడుతుంది. ఆ తరువాత ఎముకల విభాగంలో ఎంఎస్ గాని డీఎన్‌బీ గాని మూడేళ్లు. అక్కడికి ఆయన పూర్తి స్థాయి ఎముకల డాక్టరు. బోర్డు పెట్టుకుని ప్రాక్టీసు చేసుకోవచ్చు, విరిగిన చేతులకూ కాళ్లకూ ఆపరేషన్లు చేయవచ్చు. అలా చేయకుండా, ఒక్క వెన్నెముకో, ఒక్క చేతి ఆపరేషన్లో, ఒక్క కీళ్ల మార్పిడో లోతుగా నేర్చుకోవాలని ఇంకో పెద్ద డాక్టరు దగ్గర మళ్లీ శిష్యరికానికి చేరేవారే ఫెలోలు. నేషనల్ బోర్డు ఇచ్చే ఫెలోషిప్ రెండేళ్లు. ఆసుపత్రులు తమంతట తామే నడిపేవి ఆరు నెలలవీ ఉన్నాయి, ఏడాదివీ ఉన్నాయి. వీటన్నిటి నాణ్యతా ఒకేలా ఉండదు, ఆ మాట దాచవలసిన అవసరం లేదు. అయినా ఆ 'కుర్ర బాబు' వైద్యం మొదలుపెట్టి ఎనిమిదేళ్లు దాటి తొమ్మిదో ఏడో, పదో ఏడో నడుస్తున్నవాడు. మీ అమ్మ కాలు ఆయన చూసిన మొదటి కాలు కాదు.

మరి ఎలా నేర్చుకుంటారు? మొదటి నెలల్లో ఎక్కువగా చూడడమే. రోగిని టేబుల్ మీద సరిగ్గా పడుకోబెట్టడం, ఎక్స్‌రే మీద కొలతలు వేసి ఏ సైజు లోహం సరిపోతుందో ముందే లెక్క కట్టడం, పెద్ద డాక్టరు పనిచేస్తుంటే కండలను పక్కకు పట్టి ఉంచడం, చివర్లో కుట్లు వేయడం. ప్లాస్టిక్ ఎముకల మీద రంపం, డ్రిల్లు పట్టి సాధన చేస్తారు. కొన్నిచోట్ల దానంగా వచ్చిన పార్థివ దేహాల మీదా చేస్తారు. ఆ తరువాత ఆపరేషన్‌లో ఒక మెట్టు చేయనిస్తారు, ఇంకొన్నాళ్లకు రెండు మెట్లు. మొత్తం ఆపరేషన్ చేసే రోజు వచ్చేసరికి కూడా ఎదురుగా గురువు చేతులు కడుక్కుని, గౌను వేసుకుని నిలబడే ఉంటారు, చేయి తడబడితే పనిముట్టు అందుకోవడానికి. మర్నాడు పొద్దున్న మీటింగులో నిన్నటి ఎక్స్‌రేలన్నీ తెర మీద వేస్తారు. స్క్రూ ఒక్క మిల్లీమీటరు పొడుగైనా అందరి ముందూ సమాధానం చెప్పుకోవాలి. ఈ మీటింగు సరిగ్గా జరిగే ఆసుపత్రిలో ఫెలో చేయి పడడం గురించి మాకు పెద్ద భయం లేదు. అది జరగని చోట పెద్ద డాక్టరే చేసినా మాకు కొంచెం బెంగే.

ఇదంతా విన్నాక కూడా కూతురి ప్రశ్న మిగిలే ఉంటుంది. ఎంత సాధన చేసినా, బతికున్న మనిషి మీద మొదటిసారి చేసే రోజు ఒకటి రాక తప్పదు. ఆ మనిషి ఎవరు?

ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ తుంటి కీలు మార్పిడికి దారి వేశారు. మొదట ఆయన టెఫ్లాన్‌తో చేసిన గిన్నెలు వాడారు, అంటే మన అట్ల పెనాలకు పూసే పదార్థమే. కొద్ది ఏళ్లలోనే అవి అరిగిపోయాయి, వందల మంది రోగులు మళ్లీ నొప్పితో తిరిగొచ్చారు. ఆయన ఒప్పుకుని, వాళ్లకు మళ్లీ ఆపరేషన్లు చేశారు. టెఫ్లాన్ పొడి ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి తన తొడలోకే ఇంజెక్షన్ చేసుకున్నారు. 1962 నవంబరులో గట్టి రకం పాలిథీన్ గిన్నెకు మారారు. అది నిలిచింది. అప్పుడాయన చేసిన పని మా దృష్టిలో ఆ కీలు కనిపెట్టడం కంటే తక్కువది కాదు. రైటింగ్టన్ ఆసుపత్రికి వచ్చి తన దగ్గర నేర్చుకుని వెళ్లిన సర్జన్లకు తప్ప ఆ కీళ్లు అమ్మకూడదని తయారీదారుకు కొన్నేళ్లపాటు షరతు పెట్టారు. సరుకు ఉంది, కొనేవారు ఉన్నారు. చేయి తయారు కాలేదు కాబట్టి ఆగమన్నారు. ఇప్పటి ఫెలోషిప్‌ల వెనుక ఉన్న ఆలోచన ఇదే.

మన దక్షిణాదిలోనూ అలాంటి కథ ఒకటి ఉంది. పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టారు. లండన్‌లో సర్జరీ చదివి 1946లో వేలూరు వచ్చారు. ఆ మరుసటి ఏడు చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రి చూడబోయినప్పుడు, వేళ్లు ముడుచుకుపోయిన ఒక రోగి చేతిలో చేయి పెట్టి నొక్కమన్నారు. ఆ పట్టు ఇనుపపట్టులా ఉంది. అంటే చేయి చచ్చిపోలేదు. వేళ్లను చాచే చిన్న కండరాల నరం మాత్రమే పోయింది, ముంజేతి కండరాలు పుష్టిగానే ఉన్నాయి. కండరాన్ని ఎముకకు కట్టే తాడును టెండన్ అంటారు, వాడుకలో మనం దాన్నీ నరమనే అంటాం. పనిచేసే టెండన్ ఒకదాన్ని తీసి, నాలుగు పాయలుగా చీల్చి, నాలుగు వేళ్లకూ కలిపితే ముడుచుకున్న వేళ్లు మళ్లీ తెరుచుకుంటాయి. ఆపరేషన్ సగం పని మాత్రమే. ఇంతకాలం ఒక పని చేసిన కండరానికి కొత్త పని నేర్పాలి, అది ఫిజియోథెరపీ వాళ్ల వంతు, వారాల పని.

కుష్ఠు రోగుల్ని మామూలు ఆసుపత్రులు గడప తొక్కనివ్వని కాలం అది. ఆ చేతులకు ఆపరేషన్ చేయడం అప్పటికి ఎవరికీ అలవాటు లేదు, బ్రాండ్‌తో సహా అందరూ ఆ రోగుల చేతుల మీదే నేర్చుకున్నారు. వాళ్లు పేదలు, ఊరు వెలివేసినవాళ్లు. వాళ్లకు వేరే దారి లేదు కాబట్టి ఒప్పుకున్నారని కూడా అనవచ్చు. ఈ మాట రాయడం మాకు కష్టంగానే ఉంది గాని, వైద్యంలో చాలా విద్య ఇలాగే వచ్చింది. అలా వచ్చిన విద్య మళ్లీ అలాంటివాళ్లకు చేరిందా లేదా అన్నదే చూడాలి. ఇక్కడ చేరింది. వేలూరు దగ్గరి కరిగిరిలో ఎన్నో దేశాల సర్జన్లు వచ్చి ఆ పని నేర్చుకుని వెళ్లారు. మనకు దగ్గర్లో సాలూరులో లెప్రసీ మిషన్ వారి ఫిలడెల్ఫియా ఆసుపత్రిలో అలాంటి చేతుల ఆపరేషన్లు చేస్తూ వచ్చారు.

బ్రాండ్ దగ్గర నేర్చుకున్నవారిలో డాక్టర్ మేరీ వర్గీస్‌ను తలుచుకోకుండా ఉండలేం. 1954లో కారు ప్రమాదంలో ఆమెకు నడుము కింద భాగం చచ్చుబడింది. సర్జన్‌గా ఆమె పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్ చేయడం నేర్చుకున్నారామె. ఆ తరువాత న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చి, 1963లో వేలూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. వెన్ను విరిగినవారికి చక్రాల కుర్చీలో బతకడం నేర్పించే డాక్టరు తానే కుర్చీలో ఉంటే, ఆ మాట రోగి చెవికి ఇంకోలా ఎక్కుతుంది కదా.

ఇక మన విశాఖ. ఆంధ్రా మెడికల్ కాలేజీ, కేజీహెచ్ రెండూ 1923 నాటివి. ఈ తీరంలో ఎముకల వైద్యం ఎక్కువగా ఆ నీడలోనే పెరిగింది. ఒకప్పుడు పోలియోతో కాళ్లు సన్నబడిన పిల్లలు ప్రతి ఊళ్లో ఉండేవారు, మీ వీధిలోనూ ఒకరు గుర్తుండే ఉంటారు. అలాంటి పిల్లలకు ఉచిత శిబిరాలు పెట్టి ఆపరేషన్లు చేసిన డాక్టర్ ఎస్.వి. ఆదినారాయణరావు గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మోకాలు ముడుచుకుపోయినవారినీ, మడమ నేలకు ఆననివారినీ నిలబెట్టడంలో ఆ తరం డాక్టర్ల చేతికి వచ్చిన నేర్పు పుస్తకంలో దొరికేది కాదు.

మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో రహిత ప్రకటన వచ్చింది. ఇంతకంటే మంచి వార్త లేదు. అయితే దీనికి ఎవరూ అనుకోని ఇంకో వైపు ఉంది. పోలియో కాళ్ల మీద టెండన్ మార్చడం నేర్చుకున్న తరం రిటైరవుతోంది, ఇప్పటి కుర్ర డాక్టర్లకు ఆ కేసులు కనిపించవు. అవసరం మాత్రం పోలేదు. బైకు మీద నుంచి పడి భుజం దగ్గర నరాలు తెగిన కుర్రాడికి, ఫ్యాక్టరీ యంత్రంలో చేయి పడ్డ కార్మికుడికి, పుట్టుకతో మెదడు దెబ్బతిని కాళ్లు బిగుసుకుపోయిన పిల్లకు ఆ పాత విద్యే కావాలి. స్టీల్ ప్లాంటు, పోర్టు, లారీల రోడ్లు ఉన్న మన ఊరికి మరీ కావాలి. మెల్లగా చేతి నుంచి చేతికి అందించకపోతే అది ఒక తరంలో పోతుంది. పుత్తూరు కట్టు కట్టేవాళ్లు దాన్ని ఇంట్లో తండ్రి నుంచి కొడుకుకు నేర్పుకుంటూ వచ్చారు. ఆసుపత్రికి ఆ ఇల్లు ఫెలోషిప్పే. (విరిగిన ఎముకకు ముందు ఎక్స్‌రే తీయించండని మేము ఎప్పుడూ చెప్పే మాట ఇక్కడా చెప్పి వదిలేస్తాం.)

అయితే ఆ కూతురి కోపంలో న్యాయం లేదా? ఉంది. ఎవరు చేస్తారో ఆమెకు ముందే చెప్పి ఉండవలసింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారు చేసింది. 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ దాన్ని రాష్ట్రాలకు పంపింది. తనకు వైద్యం చేస్తున్నవారు ఎవరు, వారి హోదా ఏమిటి, ఎవరిది ప్రధాన బాధ్యత అని తెలుసుకునే హక్కు రోగికి ఉందని అందులో స్పష్టంగా ఉంది. 2008లో సుప్రీంకోర్టు కూడా సమీరా కోహ్లీ కేసులో, విషయం వివరించి తీసుకున్నదే సమ్మతి అని చెప్పింది. ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి హడావిడిగా వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి కాదు.

కాబట్టి అడగండి. "కోసేది ఎవరు బాబూ? పెద్ద డాక్టరు గారు థియేటర్లో ఉంటారా, ఫోన్లో ఉంటారా? ఇలాంటివి ఆయన ఎన్ని చేశారు? రాత్రి నొప్పి వస్తే ఎవరిని పిలవాలి?" ఇలా అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని భయపడకండి. మంచి ఫెలో ఈ ప్రశ్నలకు తానే జవాబు చెబుతాడు, సిగ్గుపడడు. ఫలానా కష్టమైన భాగం గురువుగారే చేయాలని మీరు కోరవచ్చు. కుదరదంటే ఎందుకో అడిగి తెలుసుకుని, వేరే చోటికి వెళ్లే స్వేచ్ఛా మీదే. ప్రాణం మీదికొచ్చిన అర్ధరాత్రి కేసుల్లో మాత్రం ఇంత తీరిక దొరకదు. అప్పుడు ఎదురుగా ఉన్న చేయే మంచి చేయి.

ఆ పెద్దావిడ ఆరో వారానికి మళ్లీ వచ్చారు, వాకర్ పట్టుకుని నడుస్తూ. కూతురు ఈసారి ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగిందట. గురువుగారు పక్కనే ఉన్నారనీ, బంతి అమర్చింది ఆయనేననీ, కోత, కుట్లు, మిగతా పని ఫెలో చేశారనీ చెప్పారట. "ముందే సెప్తే ఇంత గొడవ లేదు కదా" అంది. పెద్దావిడకు ఇదేమీ పట్టలేదు. ఆ బాబు శిక్షణ అయిపోయి వేరే ఊరు వెళ్లిపోయాడని ఎవరో చెప్పారట, ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో మీకు తెలుసా అని మమ్మల్ని అడిగారు.