బెంచీలకి బోల్టులెందుకు?

మన క్లాసురూముల్లో బెంచీలు నేలకి బోల్టులతో బిగించి ఉంటాయి. "నలుగురు నలుగురుగా కూర్చుని ఈ ప్రాబ్లం చేయండి" అని సార్ అనగానే ఏమవుతుందో అందరికీ తెలుసు. ముందు బెంచీవాళ్లు నడుం తిప్పి వెనక్కి చూస్తారు. రెండు నిమిషాలకి మెడ పట్టేసి మళ్లీ బోర్డు వైపు తిరుగుతారు. బెంచీ మధ్యలో ఉన్నవాడికి డౌటొస్తే సార్ వాడి దాకా వెళ్లలేరు, వాడు బయటికి రావాలన్నా ఇద్దరు లేవాలి. చేసేది లేక లెక్చర్ మొదలవుతుంది. తప్పు సార్‌ది కాదు, ఆ గదిని కట్టిందే ఒకరు చెప్తే అరవై మంది వినడానికి.

అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ బైక్‌నర్ ఈ లెక్కని తిరగేశారు. ముందు పద్ధతి అనుకుని, దానికి తగ్గ గది తయారుచేశారు. పేరు 'స్కేల్-అప్'. 7 అడుగుల గుండ్రటి బల్ల, చుట్టూ తొమ్మిది మంది, ముగ్గురేసి మూడు జట్లు. బల్ల అంతకన్నా బాగా పెద్దదైతే ఎదుటివాడితో అరిచి మాట్లాడాలి. చిన్నదైతే లాప్‌టాపులు, ప్రయోగం సామాను పట్టవు.

ఎంఐటీలో జాన్ బెల్చర్ బృందం ఇదే బాటలో మొదటి ఏడాది ఫిజిక్స్‌కి 'టీల్' గదులు పెట్టింది. గోడల నిండా వైట్‌బోర్డులు, టీచర్ చోటు గది మధ్యలో. అక్కడ నిలబడితే ఎటు తిరిగినా కొందరికి వీపే కనబడుతుంది, కాబట్టి గంటసేపు ఉపన్యాసం కుదరదు, బల్లల మధ్య తిరగాల్సిందే. మొదట్లో విద్యార్థులే పాత లెక్చర్లు కావాలని సంతకాలు సేకరించారు! (వెనక బెంచీ సుఖం అక్కడా ఉంది మరి.) తర్వాత ఫెయిలయ్యేవాళ్లు సగానికి పైగా తగ్గారు. అయితే ఆ ఘనత బల్లలదా, పద్ధతిదా అని విడదీసి చెప్పడం కష్టం.

ఎందుకంటే హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1991 నుంచి మామూలు లెక్చర్ హాల్లోనే ఇంకో దారి పట్టారు. ఒక ప్రశ్న వేస్తారు, ఎవరి జవాబు వాళ్లు ఇస్తారు. తర్వాత పక్కవాడితో వాదించి మళ్లీ జవాబివ్వాలి. పక్కకి తిరగడానికి బోల్టులు అడ్డం రావు కదా! కాకపోతే ఇద్దరు ముగ్గురి మాటలకే అది సరిపోతుంది. నలుగురు కలిసి ఒక సర్క్యూట్ గియ్యాలంటే బల్లో, బోర్డో కావాలి.

మన కొత్త బ్లాకులో బెంచీలు ఇంకా దిగలేదు. ఒక్క గదికైనా బోల్టులు వేయకుండా వదిలేస్తే ట్యుటోరియల్ క్లాసులు అందులో పెట్టుకోవచ్చు.