జంట వ్యాధులు – ఏక చికిత్స

మద్యానికి బానిసైన వ్యక్తిలో కుంగుబాటు, ఆందోళన వంటి మానసిక వ్యాధి కూడా ఉండుట అరుదు కాదు. ఒకటి రెండవదానికి ఆజ్యం పోస్తుంది. నిద్ర పట్టనివాడు మద్యాన్ని ఆశ్రయిస్తాడు. అది తొలుత మగత కలిగించినా, నడిరేయి నిద్రను చెడగొట్టి కుంగుబాటును పెంచుతుంది.

అట్టివానిని "ముందు తాగుడు మాని రా" అని మానసిక వైద్యుడూ, "ముందు మనసు కుదుటపరచుకో" అని వ్యసన విముక్తి కేంద్రమూ పంపివేసినచో, అతడు ఇక ఏ గుమ్మమూ ఎక్కడు. కనుక బయటి రోగుల విభాగంలోనే రెండింటినీ విచారించి, ఏకకాలంలో చికిత్స చేయుట శ్రేయస్కరం.

అయితే వైద్య పర్యవేక్షణ లేక హఠాత్తుగా మానుట ప్రమాదకరం. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై ప్రభుత్వం దాడులు జరిపినప్పుడు, అందులో కలిపే అల్ప్రాజోలం వంటి మత్తుమందులకు అలవాటుపడినవారు అనేకులు మూర్ఛలతో, మతిభ్రమతో ఆసుపత్రుల పాలైనారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్య, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను సైతం మానసిక వ్యాధిగానే గుర్తించింది. వ్యాధిగ్రస్తునికి కావలసినది నింద కాదు, వైద్యం. 2022లో నెలకొల్పిన టెలీ మానస్ సంఖ్య 14416 ద్వారా ఉచిత సలహా లభిస్తుంది. విద్యార్థి సోదర సోదరీమణులు ఈ విషయాన్ని తమ ఇంట, వాడలో తెలియజేయుదురు గాక!