సబ్జెక్ట్ పోయిన రోజు మీతో మీరు ఏం మాట్లాడుకుంటారు?

ఈ రోజు టాపిక్ సెల్ఫ్ కంపాషన్. అంటే, మన మీద మనం కాస్త దయగా ఉండటం.

మీ ఫ్రెండ్‌కి ఎం త్రీ పోయింది అనుకోండి. ఫోన్ చేస్తే ఏమంటారు? "పర్లేదు రా, సప్లీలో క్లియర్ చేసేద్దాం" అంటారు. అదే మీకు పోతే? "నేను వేస్ట్, నావల్ల ఏదీ కాదు." వాడికో రూల్, మనకో రూల్!

తిట్టుకోకపోతే బద్ధకం వస్తుందని చాలామంది భయం. 2012లో బర్కిలీ సైకాలజిస్టులు జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ ప్రచురించిన రీసెర్చ్‌లో దీన్నే పరీక్షించారు. స్టూడెంట్స్‌కి కావాలనే చాలా కష్టమైన పదాల టెస్ట్ పెట్టారు. తర్వాత కొందరికి "ఇలా కష్టపడటం మామూలే, మరీ కఠినంగా ఉండకండి" అన్నట్టు చెప్పారు. కొందరికి "ఇక్కడ సీటొచ్చిందంటే మీరు తెలివైనవాళ్లే" అన్నారు. మిగతావాళ్లకి ఏమీ చెప్పలేదు. రెండో టెస్ట్‌కి ఎక్కువసేపు చదివింది ఎవరో తెలుసా? మొదటి గ్రూపే!

ఎందుకంటే తిట్లకు భయపడితే పుస్తకం తెరవడానికే మనసు రాదు. కోడ్‌లో ఎర్రర్ వస్తే ల్యాప్‌టాప్‌ని తిట్టం కదా, లాగ్ చదువుతాం. ఇదీ అంతే.

అమెరికా సైకాలజిస్ట్ క్రిస్టిన్ నెఫ్ 2003లో ఇందులో మూడు భాగాలున్నాయని చెప్పారు. రిజల్ట్ వచ్చిన రాత్రి అవి ఎలా వాడాలో చూద్దాం.

ఒకటి, ఉన్నది ఉన్నట్టు చూడటం. "ఎం త్రీ పోయింది, బాధగా ఉంది" అని నోట్స్‌లో రాయండి. అది నిజం. "నేను వేస్ట్" అనేది తీర్పు.

రెండు, ఇది నా ఒక్కడికే కాదు అని గుర్తుంచుకోవడం. స్టేటస్‌లో పాసైనవాళ్లే కనిపిస్తారు. ఫెయిలైనవాళ్లు పోస్ట్ పెట్టరు, అంతే తేడా.

మూడు, దయ. ఫ్రెండ్‌కి పంపే మెసేజ్‌నే వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. మంచి ఫ్రెండ్ "చదవకు, పడుకో" అనడు. "ఏ యూనిట్ దెబ్బేసింది? రేపు అక్కడి నుంచి మొదలుపెడదాం" అంటాడు. అందుకే ఇది సాకు కాదు.

మొదట్లో కాస్త నాటకంలా అనిపిస్తుంది. ఏళ్ల అలవాటు కదా, టైమ్ ఇవ్వండి.

ఒక్క మాట. బాధ రోజుల తరబడి తగ్గకపోయినా, బతకాలని లేదనిపించినా ఒంటరిగా మోయకండి. ఇంట్లో ఒకరికి చెప్పండి, లేదా 14416కి కాల్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్. 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇప్పుడే ఆ నంబర్ సేవ్ చేసుకోండి. రిజల్ట్స్ కోసం ఎదురుచూస్తున్న ఫ్రెండ్‌కి కూడా పంపండి.