ఎనిమిదిన్నర 8.33 ఎలా అయింది?

సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రోజు హాల్ టికెట్ నంబరు కొట్టగానే ఫోన్‌లో ఒక పట్టిక తెరుచుకుంటుంది. సబ్జెక్టు కోడు, ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్, గ్రేడు, క్రెడిట్లు, అడుగున ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ గ్రేడు పాయింట్ల సగటు. కోనసీమలో డిగ్రీ కాలేజీలు ఎక్కువగా ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింద, ఇంజనీరింగ్ కాలేజీలు కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్నాయి. ఏ వర్సిటీ అయినా, పిల్లలు ముందు చూసేది ఆ అడుగు అంకెనే. అది ఎలా వచ్చిందో మాత్రం చాలామందికి తెలియదు.

లెక్క మన అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌లో ఉన్నదే. దింపులో చిన్న కాయలు మూడు వేలు కాయ 10 రూపాయల చొప్పున, పెద్దవి వెయ్యి 14 చొప్పున పోయాయనుకుందాం. సగటు ధర 12 అని ఏ రైతూ అనడు. 44 వేలను నాలుగు వేల కాయలతో భాగించి 11 అంటాడు. ఇక్కడ కాయల సంఖ్య ఎలాగో, మార్కుల్లో క్రెడిట్లు అలాగ. వారానికి గంట పాఠం ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒకటి.

ఒక సెమిస్టర్ ఇలా ఉందనుకుందాం. గణితం 4 క్రెడిట్లు, గ్రేడుకు 8 పాయింట్లు. ఫిజిక్స్ 3, 7. ఇంగ్లిష్ 3, 9. ల్యాబ్ 2, 10. పాయింట్లు కూడి నాలుగుతో భాగిస్తే 8.5. కానీ పాయింట్లను క్రెడిట్లతో గుణిస్తే వచ్చే 32, 21, 27, 20 కలిపితే 100. దాన్ని 12 క్రెడిట్లతో భాగిస్తే 8.33. తెరపై కనిపించేది ఇదే. ల్యాబ్‌లో పదికి పది వచ్చినా దాని బరువు రెండే మరి! గణితంలో తప్పితే దాని పాయింట్లు సున్నా, క్రెడిట్లు మాత్రం భాగహారంలోంచి పోవు. 68ని 12తో భాగిస్తే 5.67.

యూజీసీ 2015లో ఇచ్చిన పది పాయింట్ల పద్ధతిలో ‘ఓ’కి 10, ‘ఏ ప్లస్’కి 9, అలా దిగుతూ ‘పీ’కి 4. ఏ మార్కుకు ఏ గ్రేడన్నది వర్సిటీ నిర్ణయం. మెట్టు 80 దగ్గర ఉంటే 79 వచ్చినవాడు కింది మెట్టు మీదే ఆగిపోతాడు. ఒక్క మార్కుకు ఒక పాయింటు పోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

అన్ని సెమిస్టర్లకూ కలిపి ఇచ్చే సీజీపీఏకీ ఇదే లెక్క. ఎస్‌జీపీఏలకు నేరుగా సగటు తీయకండి, ఒక్కోదాన్ని ఆ సెమిస్టర్ క్రెడిట్లతో గుణించి, కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించండి. మెమో వచ్చేదాకా ఆగకుండా ఈ రాత్రే కాగితం మీద వేసి చూడండి. తేడా కనిపిస్తే రీవాల్యుయేషన్ గడువు దాటకముందే కాలేజీ పరీక్షల విభాగంలో అడగండి.