ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌లో స్థిరత్వము

ఓవర్‌క్లాకింగ్ అనగా కంప్యూటరు ప్రాసెసరును తయారీదారు నిర్ణయించిన వేగము కంటె ఎక్కువ వేగముతో నడిపించుట. పెరిగిన వేగములో లెక్కలు తప్పకుండుటకు ఎంత వోల్టేజీ కావలెనో, ఆ వోల్టేజీ వలన పుట్టే వేడిని కూలరు ఎంతవరకు తీసివేయగలదో కనుగొనుటే ఇందులోని అసలు పని. హైదరాబాదు వంటి ఊరిలో గది ఉష్ణోగ్రత కూడా ఈ లెక్కలో చేరుతుంది. డిసెంబరులో స్థిరముగా నడిచిన అమరిక మే నెలలో విఫలము కావచ్చును.

నేపథ్యము

ప్రాసెసరు వేగము బేస్ క్లాక్, మల్టిప్లయర్ అను రెండు సంఖ్యల గుణకారము. 100 మెగాహెర్ట్జ్‌ను 40తో గుణిస్తే 4,000 మెగాహెర్ట్జ్ వస్తుంది. 1998లో విడుదలైన ఇంటెల్ సెలెరాన్ 300ఎ ఈ విద్యకు పేరు తెచ్చినది. దాని బస్సు వేగమును 66 నుండి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చినపుడు 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 వద్ద నడిచేది. 2011లో వచ్చిన శాండీ బ్రిడ్జ్ తరము నుండి ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో ముఖ్యముగా పేరు చివర 'కె' అక్షరము గలవాటికే మల్టిప్లయర్ పెంచు వీలున్నది. ఎ.ఎమ్.డి. రైజెన్ చిప్‌లలో చాలావాటికి ఈ వీలు కలదు.

వోల్టేజీకి, వేడికి గల సంబంధము

చిప్ ఖర్చు చేయు విద్యుత్తు వేగమునకు, వోల్టేజీ వర్గమునకు సుమారుగా అనులోమానుపాతములో ఉంటుంది. 4.0 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల నుండి 4.4 గిగాహెర్ట్జ్, 1.30 వోల్టులకు వెళ్ళినపుడు వేగము 10 శాతము పెరిగితే, వేడి సుమారు 29 శాతము పెరుగుతుంది.

ఇక్కడ వోల్టేజీ అనగా గోడ ప్లగ్గులోని 230 వోల్టులు కాదు. పవర్ సప్లై దానిని 12 వోల్టులకు, మదర్‌బోర్డు ఆ 12ను ఒక వోల్టు పరిసరములకు తగ్గిస్తాయి. కావున ఇంటి స్టెబిలైజరు గాని, యూపీఎస్ గాని ప్రాసెసర్ వోల్టేజీని స్థిరపరచవు. పని భారము పడినపుడు ఈ వోల్టేజీ కొంత పడిపోతుంది. అందుచేత బయోస్‌లో వ్రాసిన అంకెను కాక, భారము ఉన్నపుడు కనబడు అంకెను చూడవలెను.

అమీర్‌పేట, పంజాగుట్ట పరిస్థితులు

అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరములు సాఫ్టువేరు శిక్షణ సంస్థలకు ప్రసిద్ధి. శిక్షణకు వచ్చినవారు అనేకులు చుట్టుపక్కల హాస్టళ్ళలో, ఇరుకు అద్దె గదులలో ఉంటారు. నగరములో మే నెల పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెల్సియస్‌ను తాకుతుంది. 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైనది.

గాలితో పనిచేయు కూలరు చిప్‌ను గది కంటె చల్లగా చేయలేదు. 25 డిగ్రీల గదిలో పూర్తి భారముతో 75 డిగ్రీలు చూపు చిప్ గది కంటె 50 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నట్లు. పై ఉదాహరణలోని 29 శాతము కలిపితే ఆ తేడా దాదాపు 65 అవుతుంది. అప్పుడు 25 డిగ్రీల గదిలో 90 డిగ్రీలు, 40 డిగ్రీల గదిలో 105 డిగ్రీలు అగును. అనేక ఇంటెల్ చిప్‌ల హద్దు 100 డిగ్రీలు. ఆ హద్దు వద్ద చిప్ తానే వేగము తగ్గించుకొనును కనుక పెంచిన వేగము వ్యర్థమగును. రోడ్డు దుమ్ము హీట్‌సింక్ రెక్కలలో చేరితే తేడా మరింత పెరుగును. ఎయిర్ కూలరు గదిని చల్లబరచును గాని, దాని తడిగాలి నేరుగా క్యాబినెట్‌పై పడరాదు.

స్థిరమైన అమరికను కనుగొను విధానము

మొదట మామూలు వేగము వద్ద, భారముతో ఉష్ణోగ్రతను, వోల్టేజీని, గది ఉష్ణోగ్రతను వ్రాసుకొనవలెను. తరువాత మల్టిప్లయర్‌ను ఒక్కొక్కటిగా పెంచి, ప్రతి మెట్టు వద్ద ప్రైమ్‌95 వంటి పరీక్షను పది, పదిహేను నిమిషములు నడపవలెను. లోపము కనబడితే వోల్టేజీని 0.01 లేక 0.02 పెంచి మరల పరీక్షించవలెను. ఒక మెట్టుకు అంతకు ముందుకంటె చాలా ఎక్కువ వోల్టేజీ అవసరమైతే అక్కడ ఆగి, ఒక మెట్టు దిగుట మేలు. చివరి పరీక్షను గంటల తరబడి, ఎండవేళ మధ్యాహ్నము నడపవలెను. రాత్రి పరీక్ష ఒక్కటే చాలదు. మెమరీని మెమ్‌టెస్ట్86తో విడిగా పరీక్షించవలెను. తేలికపాటి పనులలో కూడా కొన్నాళ్ళు గమనించవలెను.

తెర నీలముగా మారి కంప్యూటరు ఆగిపోతే లోపము వెంటనే తెలియును. తప్పు లెక్క నిశ్శబ్దముగా ఫైలులో చేరుట అంతకంటె ప్రమాదకరము. నెలల ప్రాజెక్టు ఒకే కంప్యూటరులో ఉన్న విద్యార్థికి ఆ నష్టము చాలా రోజుల తరువాత గాని తెలియదు. కనుక పరీక్షలకు ముందే ఫైళ్ళను వేరొక చోట దాచుకొనుట అవసరము.

చిప్ ఆయుర్దాయము

ఎక్కువ వోల్టేజీ, వేడి కలిసి చిప్‌ను త్వరగా అరగదీయును. ఓవర్‌క్లాక్ చేయని చిప్‌లకు కూడా ఇది జరిగినది. ఇంటెల్ 13, 14వ తరముల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని అస్థిరమైనపుడు, కారణము అధిక వోల్టేజీ అని 2024లో ఆ సంస్థ ప్రకటించినది. అదే సంవత్సరము ఆగస్టులో చిప్ కోరు వోల్టేజీని 1.55 వోల్టులకు పరిమితము చేయు మైక్రోకోడ్‌ను విడుదల చేసి, వారంటీని రెండు సంవత్సరములు పొడిగించినది. అరిగిన చిప్‌కు అదే వేగము వద్ద అంతకు ముందు చాలిన వోల్టేజీ చాలదు.

ఓవర్‌క్లాకింగ్ వలన కలిగిన నష్టమునకు సాధారణముగా వారంటీ వర్తించదు. వేసవిలో ఏసీ లేని గదులకు దీని విలోమమైన అండర్‌వోల్టింగ్ తగినది. వేగము మార్చక వోల్టేజీని కొద్దికొద్దిగా తగ్గిస్తే, అదే సూత్రము ప్రకారము వేడి తగ్గును. దీనికి కూడా పై పరీక్షలే అవసరము.