గంట దూరంలో కాపురం

హైదరాబాద్ చుట్టూ యాభై, అరవై కిలోమీటర్ల దూరంలో భువనగిరి, షాద్‌నగర్, సంగారెడ్డి ఉన్నాయి. మరికాస్త దూరం పోతే వికారాబాద్. నాలుగూ పాత ఊళ్లే. నగరం పెరిగి పెరిగి తమ దాకా రాకముందే వీటికి సొంత బజారు, బస్టాండు, సర్కారు దవాఖాన, అంగడి ఉన్నాయి. నగరంలో అద్దె కట్టలేనివాళ్లు, ట్రాఫిక్‌తో విసిగినవాళ్లు, రిటైరయ్యాక కాస్త గాలి ఆడే చోట ఉందామనుకునేవాళ్లు ఇల్లు మార్చాలనుకోగానే ముందు ఇలాంటి ఊళ్ల వైపే చూస్తారు.

అలా చూసేటప్పుడు ఊరినీ వెంచర్‌నూ ఒకటే అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. హైవే పక్కన పెద్ద కమాను, లోపల సీసీ రోడ్లు, వరసగా నాటిన మొక్కలు, రాళ్లు పాతిన ప్లాట్లు ఉంటాయి. బ్రోచర్ మీద పక్క పట్నం పేరే ఉంటుంది. కానీ అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు పాల ప్యాకెట్టుకు బండి తీయాలి. రాత్రి తొమ్మిదింటికి పిల్లవాడికి జ్వరం వస్తే మందుల షాపు మూడు నాలుగు కిలోమీటర్ల అవతల ఉంటుంది. పాత ఊరి నడిబొడ్డున రోడ్లు ఇరుకుగానే ఉంటాయి, మురికి కాలువలూ ఉంటాయి. అయినా కుళాయి పాడైతే పిలవగానే వచ్చే ప్లంబరు, నడిచి వెళ్లగలిగే బడి, ఇంట్లో పెద్దవాళ్లకు పొద్దుటిపూట పలకరించే నలుగురు మనుషులు దొరికేది అక్కడే. నగరం లేకపోయినా తన బతుకు తాను బతకగలిగే ఊరినే ఎంచుకోవాలి. తక్కిన లెక్కలన్నీ ఆ తర్వాతే.

ఆ లెక్కల్లో మొదటిది ప్రయాణం. దూరాన్ని కిలోమీటర్లలో చూస్తే మోసపోతారు. ఇంటి గడప దాటిన దగ్గర నుంచి ఆఫీసు గడప తొక్కే దాకా ఎంతసేపు పడుతుందన్నదే అసలు దూరం. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర అనుకుంటే రోజుకు మూడు గంటలు. నెలకు 25 పనిదినాలకు 75 గంటలు, అంటే మూడు పగళ్లూ మూడు రాత్రుళ్లూ దారిలోనే గడిచిపోతాయి. ఆ సమయం రైల్లో కూర్చుని గడిచేదైతే ఒక తీరు, స్టీరింగ్ పట్టుకుని గడిచేదైతే మరో తీరు. రైల్లో కునుకు తీయవచ్చు, పుస్తకం చదువుకోవచ్చు.

పొద్దున్నే భువనగిరి స్టేషన్‌కు వెళ్లి అరగంట నిలబడితే ఈ సంగతి కళ్లకు కడుతుంది. భుజానికి బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా, జేబులో సీజన్ టికెట్ ఉన్నవాళ్లు ప్లాట్‌ఫాం మీద రోజూ ఒకే చోట నిలబడతారు. ఏ బోగీ ఎక్కడ ఆగుతుందో వాళ్లకు తెలుసు. ఎవరైనా రెండు రోజులు కనబడకపోతే మిగతావాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. రైల్వే 150 కిలోమీటర్ల దూరం దాకా నెలకూ మూడు నెలలకూ సీజన్ టికెట్లు ఇస్తుంది. రోజూ టికెట్ కొనడంతో పోలిస్తే ఖర్చు ఎంతో తక్కువ. అయితే ఆ టికెట్‌తో రిజర్వేషన్ బోగీలు ఎక్కకూడదు, సూపర్‌ఫాస్ట్ రైళ్లకు అదనపు రుసుము ఉంటుంది. తమకు పనికొచ్చే రైళ్లు పొద్దున ఎన్ని, రాత్రి ఆఖరిది ఎన్నింటికి అన్నది ముందే చూసుకోవాలి. పొద్దున మూడు రైళ్లుండి, రాత్రి ఏడు దాటాక ఒక్కటీ లేకపోతే ఆ లైను ఉన్నా ఉపయోగం సగమే.

ఏ రైలు నగరంలో ఎక్కడ దింపుతుందన్నది అంతకంటే ముఖ్యం. కాజీపేట లైను మీదున్న భువనగిరి నుంచి వచ్చేవాళ్లు సికింద్రాబాద్‌లో దిగుతారు. అక్కడి నుంచి నాగోలు–రాయదుర్గం మెట్రో అందుకుని హైటెక్ సిటీ దాకా పోవచ్చు. కానీ అది రెండో ప్రయాణం కింద లెక్క. ఆఫీసు సికింద్రాబాద్, తార్నాక, ఉప్పల్ వైపు ఉన్నవాళ్లకు భువనగిరి చక్కగా సరిపోతుంది. షాద్‌నగర్ రైళ్లు ఉందానగర్, ఫలక్‌నుమా మీదుగా కాచిగూడ చేరతాయి కాబట్టి కోఠి, నారాయణగూడ ప్రాంతాల్లో పని ఉన్నవాళ్లకు అనువు. శంషాబాద్ విమానాశ్రయంలోనో దాని చుట్టుపక్కలో ఉద్యోగమైతే బెంగళూరు హైవే మీద ఇంకా సులువు. వికారాబాద్ అన్నిటికన్నా దూరం, సుమారు 70 కిలోమీటర్లు. కానీ 1874లో నిజాం కాలంలో పడిన వాడి–సికింద్రాబాద్ లైను మీద అది పెద్ద జంక్షన్. ఆ లైను లింగంపల్లి మీదుగా పోతుంది, లింగంపల్లి నుంచి గచ్చిబౌలి దగ్గరే. మ్యాపులో దూరంగా కనిపించే వికారాబాద్ నుంచి ఐటీ ఉద్యోగి, రైలు వేళలు కుదిరితే, తూర్పు వైపు దగ్గరి ఊళ్లవాళ్ల కంటే తేలిగ్గా ఆఫీసు చేరవచ్చు. సంగారెడ్డికి రైలు లేదు. ముంబై హైవే మీద బస్సులే దిక్కు. పటాన్‌చెరు దగ్గర రద్దీ దాటితే ఒకవైపు మియాపూర్ మెట్రో, మరోవైపు ఔటర్ రింగ్ రోడ్డు అందుతాయి. మహిళలకు బస్సు దారి మరో విధంగా కలిసొస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలో ఉండే మహిళలకు ఉచిత ప్రయాణం అమలవుతోంది. ఉద్యోగం చేసే ఆడవాళ్లున్న ఇంటికి ఇది నెల ఖర్చులో కనిపించే తేడా.

రాబోయే రోడ్డునో, రాబోయే రైలునో నమ్మి ఊరు ఎంచుకోవడం మంచిది కాదు. మనోహరాబాద్–కొత్తపల్లి రైలు మార్గానికి 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగితే, ఆ మార్గంలోని సిద్దిపేటలో రైలు కూత వినబడింది 2023 అక్టోబర్‌లో. ఏడేళ్లంటే రెండో తరగతి పిల్ల పదో తరగతికి దగ్గరపడే కాలం. ప్రాంతీయ రింగ్ రోడ్డు పేరు చెప్పి అమ్ముతున్న ప్లాట్లకూ ఇదే మాట వర్తిస్తుంది. పైగా రోడ్డు పక్కన పోతుందనుకున్నది ఆ స్థలం మీదుగానే పోయే ప్రమాదమూ ఉంది. ఇవాళ ఏ బస్సు నడుస్తోందో, ఏ రైలు ఆగుతోందో వాటినే లెక్కలోకి తీసుకోవాలి.

ప్రయాణం తర్వాత చూడాల్సింది నీళ్లు. ఊరు చూడటానికి అందరూ సెలవులు కుదిరిన చలికాలంలో వెళ్తారు. అప్పుడు చెరువు నిండుగా ఉంటుంది, బోరు బాగానే పోస్తుంది. వెళ్లాల్సింది మే నెలలో. ఆ వీధిలో ముగ్గురిని పలకరించి, కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుంది, బోరు ఎన్ని అడుగులు వేశారు, ట్యాంకరు ఎంతకు తెప్పించుకుంటున్నారు అని అడిగితే చాలు. ఒక ఇంట్లోకి వెళ్లి నీళ్లు కాచే గిన్నె అడుగు చూడటం ఇంకా మంచిది. గోరుతో గీస్తే రాలేంత తెల్లటి పొర కట్టి ఉంటే ఆ నీళ్లలో లవణాలు ఎక్కువని అర్థం. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 2000 దాకా అనుమతిస్తారు.

కంటికి కనబడని చిక్కు ఫ్లోరైడ్. ఉమ్మడి నల్గొండ జిల్లా దాని వల్ల పడిన బాధ తెలుగువాళ్లందరికీ తెలుసు. భువనగిరి, చౌటుప్పల్ ప్రాంతాలు ఆ జిల్లాలోవే. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాల్సిన ఫ్లోరైడ్‌ను, తప్పనిసరైతే 1.5 దాకా ఒప్పుకుంటారు. నీళ్లు మరిగించినంత మాత్రాన అది పోదు, నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో దాని పాళ్లు పెరుగుతాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా శుద్ధిచేసిన నదీజలాలు అందాక పరిస్థితి ఎంతో మారింది. కాబట్టి ఇంటికి భగీరథ కనెక్షన్ ఉందా, లేక బోరు మీదే ఆధారమా అన్నది తేల్చుకోవాలి. పసిపిల్లలున్న ఇల్లయితే బోరు నీళ్లను పరీక్షకు పంపి, ఫలితం చేతికి వచ్చాకే మిగతా మాటలు మాట్లాడుకోవాలి.

నీటి కథలో మూసీని విడిచిపెట్టలేం. అది పుట్టేది వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల్లో. ఆ కొండల గాలి మంచిదని ఒకప్పుడు అక్కడ క్షయ రోగులకు ఆసుపత్రి పెట్టారు. అక్కడ సన్నటి సెలయేరులా బయలుదేరిన మూసీ హైదరాబాద్ మురుగంతా మోసుకుని తూర్పున భూదాన్ పోచంపల్లి, వలిగొండ వైపు పోతుంది. ఒకే నది ఒడ్డున ఉన్నా, నగరానికి ఎగువనున్న ఊరికీ దిగువనున్న ఊరికీ గాలిలో, నీటిలో, పొలాల్లో పండే కూరగాయల్లో తేడా ఉంది. భువనగిరి పట్టణం నదికి కాస్త ఎడంగా ఉంటుంది. కానీ ఆ చుట్టుపక్కల స్థలం చూసేవాళ్లు మూసీ కాలువలు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోవాలి. దిగువన ఉన్నవాళ్లు నగరం మురుగును ఇన్నేళ్లుగా భరించడం అన్యాయం. ఆ నది శుభ్రమయ్యే దాకా మాత్రం ఇల్లు కట్టుకునేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

పరిశ్రమల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థాలు నక్కవాగును, చుట్టుపక్కల చెరువులను, భూగర్భజలాలను పాడుచేశాయి. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సంగారెడ్డి వైపు, చౌటుప్పల్ వైపు ఇల్లు చూసేవాళ్లు పగలు ఒకసారి, రాత్రి పది దాటాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి రావాలి. రసాయనాల ఘాటు పగటిపూట అంతగా తెలియదు. గాలి కదలని వేళల్లోనే నేల మీదికి దిగుతుంది.

వైద్యం సంగతిలో ఈ ఊళ్లు మునుపటి కంటే చాలా మెరుగు. భువనగిరి పక్కనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. సంగారెడ్డికి 2022లో, వికారాబాద్‌కు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లో, నెలలు నిండుతున్న గర్భిణో ఇంట్లో ఉంటే, అర్ధరాత్రి స్పెషలిస్టు డాక్టరు ఉండే ఆసుపత్రి ఎంత దూరమో విచారించాలి. బోర్డు మీద డాక్టరు పేరు కాదు, రాత్రిళ్లు ఉండేదెవరో అడగాలి. చదువుల విషయంలో పదో తరగతి దాకా ఈ ఊళ్లలో ఇబ్బంది లేదు. ఇంటర్ నుంచి చాలామంది పిల్లలు నగరానికే వెళ్తుంటారు, ఆ రానూపోనూ ఖర్చు, అలసట ముందే ఆలోచించాలి.

అద్దెకు కాక కొనుక్కోవడానికే వెళ్లేవాళ్లు కాగితాల దగ్గర ఏమాత్రం మొహమాటపడకూడదు. లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ అనుమతి ఉందా, 500 చదరపు మీటర్లు దాటిన వెంచరైతే రెరాలో నమోదైందా, సాగుభూమి అయితే నాలా మార్పిడి, అంటే సాగేతర భూమిగా మార్పు, జరిగిందా అని చూడాలి. కనీసం ముప్పై ఏళ్లకు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసి, లింకు డాక్యుమెంట్లు ఒకదానికొకటి కలుస్తున్నాయో లేదో లాయరుతో చదివించాలి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో లేదని రూఢి చేసుకోవాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని తెలంగాణలో 1977 చట్టం ప్రకారం కొనడానికి వీల్లేదు, ఎంత చౌకగా వచ్చినా దాని జోలికి పోకూడదు. చెరువు శిఖం, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండే మట్టం), బఫర్ జోన్ హద్దులను ఊళ్లో పాతకాలపు రైతు ఒకరిని వెంటబెట్టుకుని కాలినడకన చూడటం మంచిది. ఏ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆయనకు గుర్తుంటుంది. పడమటి వైపు చూసేవాళ్లకు జీవో 111 ఒకటి ఉంది. 1908 వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో తెచ్చిన ఈ ఉత్తర్వు పరిధిలోకి 84 గ్రామాలు వచ్చాయి. తర్వాత ప్రభుత్వాలు సడలింపు మాటలు ఎన్ని చెప్పినా, ఆ గ్రామాల్లో స్థలం కొనేవాళ్లు కొనే నాటికి అమల్లో ఉన్న నిబంధనలు రాతపూర్వకంగా తెలుసుకున్నాకే డబ్బు కట్టాలి. నగరానికి నీళ్లిచ్చిన చెరువుల పైనున్న నేల అది.

డబ్బు లెక్క వేసేటప్పుడు అద్దెలో మిగిలేదొక్కటే చూస్తే సరిపోదు. సీజన్ టికెట్, స్టేషన్ దాకా ఆటో, దిగాక మెట్రో, రాత్రి ఆలస్యమైన రోజున క్యాబ్, నగరంలో ఉన్న బంధువుల ఇళ్లకు రాకపోకలు అన్నీ కలపాలి. భార్యాభర్తలిద్దరిదీ ఉద్యోగమైతే, ఇద్దరి ఆఫీసులూ నగరంలో చెరోవైపు ఉంటే, ఏ చిన్న ఊరూ ఇద్దరికీ సమంగా కలిసిరాదు. అలాంటివాళ్లు తొందరపడి మారకపోవడమే మేలు. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్లు, రిటైరైనవాళ్లు, ఆ ఊళ్లోనే టీచరుగానో నర్సుగానో పని దొరికే అవకాశం ఉన్నవాళ్లు ఈ మార్పుతో నిజంగా సుఖపడతారు.

ఇల్లు కొనే ముందు ఆ ఊళ్లోనే పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకు దిగండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడే గడపండి. ఆ తర్వాతే ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వండి.